సూత్రం కింద షరతు: డిగ్రీ భౌతికశాస్త్రపు పునాదుల మీద నా సాధన నివేదిక

డిగ్రీ మొదటి సంవత్సరపు భౌతికశాస్త్రాన్ని పరీక్షల తొందర లేకుండా, తీరిక వేళల్లో, మొదటి నుంచి నేర్చుకోవాలని పెట్టుకున్న పనిలో యాంత్రికశాస్త్రం ఒక కొలిక్కి వచ్చింది. స్థిర విద్యుత్తు మొదలైంది. ఇంతవరకు ఏ పద్ధతి నిలబడిందో, ఏయే కొలతలు ఇంట్లోనే చేయడం సాధ్యమైందో, ఏ అధ్యాయం దగ్గర ఎక్కువసేపు ఆగవలసి వచ్చిందో ఇక్కడ రాసిపెడుతున్నాను.

ముందుగా నోటుపుస్తకం గురించి చెప్పాలి, ఎందుకంటే మిగతా పనంతా దాని మీదే నడుస్తోంది. ఎడమ పేజీలో సూత్రం రాసి, దాని కిందనే అది ఏ షరతులకు లోబడి నిజమవుతుందో ఎర్ర సిరాతో రాస్తాను. కుడి పేజీ లెక్కలకు. తొలి వేగానికి త్వరణ కాలాల లబ్ధాన్ని కలిపితే తుది వేగం వస్తుందన్నది బడి రోజుల నుంచీ అందరికీ నోటికి వచ్చిన సూత్రమే. దాని కింద "త్వరణం మారనప్పుడు మాత్రమే" అన్న ఒక్క మాట చేరితే, స్ప్రింగుకు కట్టిన దిమ్మకు గానీ గాలిలో తేలుతూ పడే కాగితానికి గానీ దాన్ని వాడబోయిన చెయ్యి దానంతట అదే ఆగుతుంది. బడిలో చెప్పే భౌతికశాస్త్రానికీ విశ్వవిద్యాలయంలో చెప్పేదానికీ ఉన్న తేడా లెక్కల కష్టంలో కన్నా ఈ షరతుల పట్టింపులోనే ఎక్కువగా ఉందని నా అభిప్రాయం.

కలనగణితం పూర్తిచేసి ఆ తరువాత భౌతికశాస్త్రానికి రావాలా, రెండింటినీ కలిపి నడపాలా అన్న ప్రశ్న చాలామందిని మొదట్లోనే ఆపేస్తుంది. కలిపి నడపడమే మేలు. మొదటి విడతకు కావలసింది ఎంతో కాదు: ఘాతాలు, సైన్, కొసైన్, ఘాతీయ ప్రమేయాల అవకలనం, సమాకలనం, శృంఖల నియమం, సదిశలను అంశాలుగా విడదీయడం, ఇంతే. త్వరణాన్ని కాలం మీద సమాకలనం చేస్తే వేగం, వేగాన్ని మళ్లీ సమాకలనం చేస్తే స్థానం వస్తాయని ఒకసారి స్వయంగా రాసుకున్నవారికి శుద్ధగతిక సమీకరణాలను బట్టీ పట్టవలసిన అవసరం ఉండదు.

గాలి నిరోధాన్ని పాఠ్యపుస్తకాలు తరచుగా "విస్మరించండి" అంటూ దాటేస్తాయి. దాన్ని విస్మరించకుండా చూడడానికి కాగితపు శంకువులకు మించిన సాధనం లేదు. కాగితాన్ని వృత్తాకారంగా కత్తిరించి, అంచు నుంచి కేంద్రం దాకా ఒక చీలిక చేసి, రెండు అంచులను కొంచెం ఒకదాని మీదికి ఒకటి జరిపి అతికిస్తే వెడల్పాటి శంకువు తయారవుతుంది. అలాంటివి అయిదు, అచ్చంగా ఒకే కొలతతో చేసుకోవాలి. వాటిలో నాలుగింటిని ఒకదానిలో ఒకటి గుచ్చితే ఆకారం దాదాపు మారకుండా ద్రవ్యరాశి మాత్రం నాలుగింతలవుతుంది. నిరోధం వేగపు వర్గానికి అనులోమానుపాతంలో ఉంటే అంత్యవేగం (నిరోధం బరువుకు సమానమయ్యాక ఇక పెరగకుండా నిలిచే వేగం) రెండింతలు కావాలి. నిరోధం వేగానికే అనులోమానుపాతంలో ఉంటే నాలుగింతలు కావాలి. అందుచేత నాలుగు శంకువుల కట్టను 2 మీటర్ల ఎత్తు నుంచి, ఒంటరి శంకువును 1 మీటరు ఎత్తు నుంచి ఒకేసారి వదిలి, నేలకు తగిలే చప్పుళ్లను ఫోనులో రికార్డు చేశాను. చప్పుళ్లు రెండూ దాదాపు కలిసే వచ్చాయి, అంటే ఈ పరిమాణానికీ ఈ వేగానికీ వర్గ నియమమే వర్తిస్తోంది. శ్రద్ధగా వింటే కట్ట రవ్వంత వెనకబడుతుంది. అంత్యవేగాన్ని అందుకోవడానికి పట్టే కాలం ఆ వేగంతోపాటే పెరుగుతుంది కాబట్టి అది వెనకబడడమే సరి; ఒంటరి శంకువు అంత్యవేగం సెకనుకు 1 మీటరు అనుకుంటే ఈ వెనకబాటు సెకనులో సుమారు 7 శాతమని లెక్క తేలుతుంది.

బలాల అధ్యాయంలో స్వేచ్ఛా వస్తు పటం గీయనిదే సమీకరణం రాయకూడదన్న నియమం పెట్టుకున్నాను. ఏ వస్తువును ఎంచుకున్నామో దాని చుట్టూ గీత గీసి, ఆ గీతను దాటి లోపలికి వచ్చే బలాలను మాత్రమే గుర్తించాలి. ఈ అధ్యాయంలో ఎర్ర సిరా అన్నిటికన్నా ఎక్కువగా ఖర్చయింది ఘర్షణ దగ్గర. స్థైతిక ఘర్షణ గుణకాన్ని అభిలంబ బలంతో (తలం వస్తువును తనకు లంబంగా నెట్టే బలంతో) గుణిస్తే వచ్చేది ఘర్షణ కాదు, ఘర్షణకు ఉన్న గరిష్ఠ హద్దు. గుణకం 0.5 ఉన్న సమతలం మీద 2 కిలోల దిమ్మను 4 న్యూటన్ల బలంతో నెడితే ఘర్షణ 4 న్యూటన్లే, 9.8 న్యూటన్లన్నది అది తట్టుకోగల పరిమితి. అభిలంబ బలం సంగతీ ఇలాంటిదే. వాలుతలం మీద అది బరువునూ వాలు కోణపు కొసైన్‌నూ గుణిస్తే వస్తుందనడానికి, వాలుతలం తనే కదలకూడదన్న షరతు ఉంది. వాలుతలం గల పెద్ద దిమ్మ తనే నున్నటి నేల మీద జారగలిగి, దానికీ దాని మీది చిన్న దిమ్మకూ మధ్య ఘర్షణ లేకపోతే, అదే విలువను పెద్ద దిమ్మ ద్రవ్యరాశితో గుణించి, పెద్ద దిమ్మ ద్రవ్యరాశికి చిన్న దిమ్మ ద్రవ్యరాశీ వాలు సైన్ వర్గమూ గుణించిన మొత్తాన్ని కలిపి దానితో భాగించాలి. ఈ ఫలితం సరైనదేనా అని చూడడానికి జవాబుల పుటను తిరగేయనక్కరలేదు: పెద్ద దిమ్మ ద్రవ్యరాశిని అనంతానికి తీసుకుపోతే పాత కొసైన్ సూత్రం తిరిగి వస్తుంది, సున్నాకు తీసుకుపోతే అభిలంబ బలం సున్నా అవుతుంది, ద్రవ్యరాశి లేనిది దేన్నీ మోయలేదు కనుక అదీ సబబే. ఈ అంచు పరీక్షలు చేయాలంటే అంకెలను చివరి పంక్తి దాకా రానివ్వకూడదు. మధ్యలోనే 9.8 వేసి గుణించినవారికి ఏ ద్రవ్యరాశి ఎక్కడ దాగి ఉందో ఇక కనబడదు.

శక్తి, ద్రవ్యవేగం రెండూ నిత్యత్వ నియమాలే అయినా వాటి షరతులు వేరు. ఈ తేడాను కళ్లకు కట్టే లెక్క ఒకటుంది. బెంజమిన్ రాబిన్స్ 1742లో వర్ణించిన బాలిస్టిక్ లోలకంలో తూటా ఒక వేలాడే దిమ్మలో దిగబడుతుంది, దిమ్మ ఊగి పైకి లేస్తుంది, ఆ ఎత్తు నుంచి తూటా వేగాన్ని లెక్కగడతారు. సెకనుకు 400 మీటర్ల వేగంతో వచ్చే 10 గ్రాముల తూటా 1.99 కిలోల దిమ్మలో ఆగిపోయిందనుకుందాం. ఢీకొన్న క్షణంలో బాహ్య బలాల ప్రచోదనం (బలం, కాలాల లబ్ధం) లెక్కలోకి రానంత చిన్నది కాబట్టి ద్రవ్యవేగం నిలుస్తుంది; రెండూ కలిసి సెకనుకు 2 మీటర్ల వేగంతో కదులుతాయి. తూటా తెచ్చిన గతిజ శక్తి 800 జౌళ్లు, మిగిలింది 4 జౌళ్లు. తక్కిన 796 జౌళ్లు వేడిగానూ చెక్క చీలడంలోనూ పోయాయి. ఆపైన ఊగేటప్పుడు దారం తన్యత ఏ పనీ చేయదు కనుక యాంత్రిక శక్తి నిలుస్తుంది, దిమ్మ సుమారు 20 సెంటీమీటర్లు లేస్తుంది. మొదటి దశకు కూడా శక్తి నిత్యత్వాన్నే అంటగట్టితే ఆ ఎత్తు 40 మీటర్లు దాటుతుంది. నియమాన్ని ఏ దశకు వర్తింపజేస్తున్నామో చెప్పకుండా వదిలేస్తే జవాబు రెండు వందల రెట్లు పెరిగిపోగలదన్నమాట. ప్రతి లెక్కనూ "దీని ముందు, దీని తరువాత" అని గీత గీసి దశలుగా విడదీసే అలవాటు నాకు ఇక్కడి నుంచే స్థిరపడింది.

లఘులోలకంతో గురుత్వ త్వరణాన్ని కొలవడం చాలా పాత ప్రయోగం. అయినా దీనిలో నేర్చుకోవలసినది ఆ విలువ కాదు, దోషాల లెక్క. పొడవు 1 మీటరు ఉంటే ఆవర్తన కాలం 2 సెకన్లకు ఇసుమంత ఎక్కువ. 20 డోలనాలకు 40 సెకన్లు పైచిలుకు. స్టాప్‌వాచ్ నొక్కడంలో 0.2 సెకను అటూఇటూ అయితే కాలంలో అర శాతం దోషం వస్తుంది, సూత్రంలో కాలం వర్గం ఉంది కాబట్టి తుది విలువలో అది 1 శాతమవుతుంది. పొడవులో 2 మిల్లీమీటర్ల తేడా తెచ్చే దోషం 0.2 శాతమే. అందువల్ల ఇంతకన్నా మంచి స్కేలు కొనడం దండగ. డోలనాల సంఖ్యను 50కి పెంచడమే లాభం. పొడవును దారం కొస దాకా కాక గుండు కేంద్రం దాకా కొలవాలి. గడియారాన్ని గుండు అంచున ఆగినట్టు కనిపించే చోట కాక, అత్యంత వేగంగా దూసుకుపోయే అడుగు బిందువు దగ్గర నొక్కాలి, ఎందుకంటే అంచు దగ్గర అది ఏ క్షణంలో వెనుదిరిగిందో చెప్పడం కష్టం. ఇక షరతు: కోణం చిన్నదై ఉండాలి. ఎంత చిన్నదన్నదానికీ లెక్క ఉంది. 10 డిగ్రీల నుంచి వదిలితే ఆవర్తన కాలం 0.2 శాతం కన్నా తక్కువే పెరుగుతుంది, 30 డిగ్రీలకు 1.7 శాతం పెరుగుతుంది. 1656లో హైగెన్స్ తయారుచేసిన లోలక గడియారానికి ఇదే పెద్ద చిక్కు. నా కొలతలు 9.7కూ 9.9కూ మధ్య నిలిచాయి. భూమి మీద ఈ విలువ భూమధ్యరేఖ దగ్గర 9.78 నుంచి ధ్రువాల దగ్గర 9.83 దాకా ఉంటుంది కాబట్టి, దారంతో ఆ తేడాను పట్టుకోవాలన్న ఆశ పెట్టుకోలేదు.

భ్రమణ గతిలో జడత్వ భ్రామకాల (తిరగడంలో మార్పును వస్తువు ఎంతగా ఎదిరిస్తుందో చెప్పే రాశుల) పట్టికను ఒకసారి సమాకలనంతో రాబట్టి పక్కన పెట్టేశాను. అక్కడ ఎక్కువసేపు కూర్చుంటే వచ్చే లాభం తక్కువ. దొర్లడం మాత్రం నిదానంగా చూడదగ్గది. జారకుండా దొర్లే ఘన గోళం త్వరణం, ఘర్షణ లేకుండా జారే దిమ్మ త్వరణంలో ఏడింట అయిదు వంతులు. ఘన స్థూపానికి మూడింట రెండు వంతులు, పలచని వలయానికి సగం. ద్రవ్యరాశి, వ్యాసార్ధం రెండూ కొట్టుకుపోతాయి, పంపిణీ ఒక్కటే మిగులుతుంది. గెలీలియో 1638లో ప్రచురించిన వాలుతలపు ప్రయోగంలో దొర్లించినది కంచు గోళమే. దొర్లడం వల్ల త్వరణం తగ్గినా అది స్థిరంగానే ఉంటుంది కాబట్టి దూరం కాలపు వర్గాన్ని అనుసరిస్తుందన్న ఆయన ఫలితానికి లోటు రాలేదు. ఆయన గోళం దొర్లినది గాడిలో గనుక అక్కడి భిన్నం సరిగ్గా ఏడింట అయిదు కాదు. ఇక్కడి షరతుకూ అంకె ఉంది: ఘన గోళం జారకుండా దొర్లాలంటే ఘర్షణ గుణకం వాలు కోణపు టాంజెంట్‌లో కనీసం ఏడింట రెండు వంతులుండాలి, అంటే 45 డిగ్రీల వాలుకు సుమారు 0.29.

ప్రస్తుతం గాస్ నియమం దగ్గర ఉన్నాను. మూసి ఉన్న ఏ తలం గుండానైనా వెళ్లే మొత్తం విద్యుత్ అభివాహం (ఆ తలాన్ని దాటే విద్యుత్ క్షేత్రపు మొత్తం) లోపలి ఆవేశం మీదే ఆధారపడుతుందన్న నియమానికి స్థిర విద్యుత్తులో మినహాయింపు లేదు. దాని నుంచి క్షేత్రాన్ని రాబట్టడానికి మాత్రం సౌష్ఠవం కావాలి. ఘనం కేంద్రంలో ఆవేశం ఉంటే ఒక్కో ముఖం గుండా ఆరో వంతు అభివాహం వెళుతుందని వెంటనే చెప్పవచ్చు, కానీ ముఖం మీద క్షేత్రం చోటుకొక తీరుగా ఉంటుంది కాబట్టి దాన్ని ఈ దారిలో తేల్చలేం. ఆవేశాన్ని ఘనం మూలలో పెడితే ఆ మూలను తాకే మూడు ముఖాల గుండా అభివాహం సున్నా, ఎదురుగా ఉన్న మూడింటిలో ఒక్కోదాని గుండా 24వ వంతు. ఎనిమిది ఘనాలను ఆ మూల చుట్టూ పేర్చినట్టు ఊహిస్తే సమాకలనం లేకుండానే ఇది తేలిపోతుంది. ఇలాంటి లెక్కలను కొన్ని రోజులు ఎడంగా ఉంచి ఖాళీ కాగితం మీద మళ్లీ చేస్తున్నాను. పటం, షరతు, సమీకరణం ఈ వరుసలో రాకపోతే లెక్క ఇంకా చేతికి రాలేదని గుర్తు పెడుతున్నాను.

తరువాతి మజిలీ పొటెన్షియల్, కెపాసిటర్లు. 1000 మైక్రోఫారడ్ల ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్‌ను 10 కిలోఓమ్‌ల నిరోధం గుండా 5 వోల్టులతో ఆవేశపరిస్తే కాలస్థిరాంకం (వోల్టేజి తుది విలువలో సుమారు 63 శాతానికి చేరడానికి పట్టే కాలం) 10 సెకన్లు, చేతి గడియారంతోనే కొలవవచ్చు. ఆ కెపాసిటర్ మీద అచ్చువేసిన విలువకు 20 శాతం దాకా సడలింపు ఉండడం మామూలే కాబట్టి, వచ్చిన కాలం 8 సెకన్లయినా 12 సెకన్లయినా ఆశ్చర్యపోనక్కరలేదు. ధన, రుణ ధ్రువాలను మాత్రం తారుమారు చేయకూడదు. నిరోధాన్ని 1 మెగాఓమ్‌కు పెంచి ప్రయోగాన్ని ఇంకా నెమ్మదిగా చూడాలన్న ఆలోచన ఉంది గానీ, 10 మెగాఓమ్‌ల అంతర్నిరోధం ఉన్న మల్టీమీటర్‌ను కెపాసిటర్‌కు సమాంతరంగా వదిలేస్తే వోల్టేజి 5 దాకా రాకుండా 4.55 దగ్గరే ఆగుతుంది. కాబట్టి 10 కిలోఓమ్‌లతోనే మొదలుపెడుతున్నాను.