మేము, మనం, వియ్

సోమవారం, రాత్రి 10 గంటలు

నిన్న జర్మనీలో గడియారాలు గంట వెనక్కి తిప్పుకున్నరు. అక్టోబర్ ఆఖరి ఆదివారం యూరప్‌లో ఏటా ఇంతే. అందుకని అక్కడి నుంచి నడిచే, సాయంత్రం 6:30కి ఉండే మా ఆన్‌లైన్ క్లాసు ఇవాళ 7:30కి మొదలైంది. హన్మకొండలో నాకైతే ఆ గంట కలిసొచ్చింది. బడి నుంచి వచ్చి, అత్తమ్మ చేసిన సర్వపిండి వేడివేడిగా తిని కూర్చున్న. పాపం జకార్తా అమ్మాయికి రాత్రి 9 అయింది. సావో పాలో ఆవిడకు పొద్దున 11.

ఈ కోర్సు పిల్లలకు రెండో భాష నేర్పడం గురించి. ముగ్గురం ఒక గ్రూపు. మాట్లాడుకునేది ఇంగ్లీషులో, అది మా ముగ్గురిలో ఎవరి అమ్మభాషా కాదు.

శనివారం నేనొక మెసేజ్ పెట్టిన: ‘వియ్ హావ్ డిసైడెడ్ ది టాపిక్’. గురువారం ముగ్గురం కలిసి అనుకున్నదే గదా అని నా ఉద్దేశం. సావో పాలో ఆవిడకేమో నేనూ జకార్తా అమ్మాయీ కలిసి తేల్చేసినట్టు వినబడ్డది. ‘మీరిద్దరూ ఎప్పుడు అనుకున్నారు?’ అని ఒక్క ముక్క రాసింది. రెండు రోజులు నా మనసు మనసులో లేదు.

ఇవాళ క్లాసులో చెప్పేసిన. నోట్‌బుక్‌లో ‘మేము’, ‘మనం’ పెద్దగా రాసి కెమెరాకు చూపించిన. ఇంట్లో చుట్టం ఉన్నప్పుడు ‘మేం గుడికి పోతున్నం’ అంటే ఆయన ఇంట్లోనే ఉంటడు, ‘మనం గుడికి పోతున్నం’ అంటే లేచి చెప్పులేసుకుంటడు. ఇంగ్లీషులో రెండింటికీ ‘వియ్’ ఒక్కటే అని చెప్పిన. చెప్పడం అయ్యిందో లేదో జకార్తా అమ్మాయి మైకు ఆన్ చేసి ‘మాకూ ఉన్నాయి! కితా, కామి!’ అని అరిచినంత పని చేసింది. కితా అంటే మనం, కామి అంటే మేము. నాకు ఒళ్లు పులకరించింది. మా గల్లీలో వినబడే ఉర్దూలో ‘హమ్’ ఒక్కటే, అక్కడెక్కడో సముద్రాల అవతలి భాషలో మాత్రం మన లెక్కే!

సావో పాలో ఆవిడ పోర్చుగీసులో ఈ తేడా లేదన్నది. ఆ రెండు మాటలూ తన కాగితం మీద రాసుకుని, మూడుసార్లు పలికి చూసింది. ‘మనం’ నోట్లో చక్కగా పలికింది. అప్పుడు నవ్వింది.

ఇంకో సంగతి కూడా ఇవాళే బయటపడ్డది. మొదటి వారాల్లో నేను మాట్లాడకపోతే, పాఠం చదవకుండా వస్తున్న అనుకున్నదట టీచర్. మనకు సార్ చెప్పడం అయ్యేదాకా ఆగడమే మర్యాద, అడగాల్సిందేదైనా ఉంటే క్లాసయ్యాక. అక్కడ మధ్యలో అడిగితేనే వింటున్నట్టు. ఇది మొదటిరోజే ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది. టీచరేమో తనను పేరు పెట్టి పిలవమంటది గానీ, నాకు ఇంకా నోరు రాదు. ‘మేడమ్’ అనే అంటున్న.

గురువారానికి హోంవర్క్: ఇంగ్లీషులోకి పోతే ఏదో ఒకటి జారిపోయే వాక్యాలు, మన భాషలోవి ఐదు. ‘మా ఇంటికి రండి’ అని మొదటిది రాసిన. ఇంట్లో నేనొక్కదాన్నే ఉన్నా ‘నా ఇల్లు’ అననుగా. రెండోదానికి ఆలోచిస్తుంటే అత్తమ్మ పడుకోబోతూ అడిగింది, సంగతి చెప్పిన. ‘పోయొస్త అంటం గదనే, పోత అనం. అది రాయి’ అన్నది.

రాసుకున్న. ఇంకా మూడు కావాలి.