డాన్ ఫ్రేజర్ ఈదిన నీళ్లలో

సిడ్నీలో అమ్మాయి వాళ్లింటికి వెళ్లినప్పుడు ముందు ఒపేరా హౌస్ చూపించారు. బాగుంది. కానీ నా మనసంతా అదే ఊళ్లోని బాల్మెయిన్ పేట మీదే ఉంది. మా మనవడికి తొమ్మిదేళ్లు, ఆస్తమా. నాలుగు మెట్లు ఎక్కితే చాలు, పిల్లికూతలు మొదలవుతాయి. డాక్టరుగారు ఈత నేర్పించమన్నారు, వాడికేమో నీళ్లంటే భయం. ఆ పేటలో పుట్టిన ఆస్ట్రేలియా ఈతగత్తె డాన్ ఫ్రేజర్‌కి కూడా చిన్నప్పటి నుంచి ఆస్తమానే అని చెబితే, "నిజంగానా అమ్మమ్మా?" అని రెండుసార్లు అడిగాడు.

సర్క్యులర్ కీ దగ్గర ఫెర్రీ ఎక్కి, హార్బర్ బ్రిడ్జి కిందుగా వెళ్లి, బర్చ్‌గ్రోవ్ రేవులో దిగి నడిచాం. ఇప్పుడన్నీ ఖరీదైన ఇళ్లు. ఒకప్పుడు బాల్మెయిన్ ఓడరేవు పనివాళ్ల పేట. 1937లో ఆమె పుట్టింది ఇక్కడే, ఎనిమిది మంది పిల్లల్లో ఆఖరిది. ఎల్కింగ్టన్ పార్కులోంచి కిందికి దిగితే, నీటి ఒడ్డున తెల్లటి చెక్క కట్టడం కనిపించింది. 1880ల నాటి ఈతకొలను. 1964లో దీనికి ఆమె పేరు పెట్టారు.

నీలం టైల్స్, క్లోరిన్ వాసన ఉంటాయనుకున్నాను. ఉన్నది ఉప్పునీళ్లే! పోటు వస్తే నిండుతుంది, ఆటు వస్తే తగ్గుతుంది. నేను ఈత నేర్చుకున్న మా ఊరి దిగుడుబావి గుర్తొచ్చింది. నడుముకు బెండ్లు కట్టి మా నాన్న నన్ను అందులోకి తోసేవాడు.

చెక్కల మీద కూర్చుని వాడికి కథలా చెప్పాను. 1956 మెల్‌బోర్న్, 1960 రోమ్, 1964 టోక్యో: మూడు ఒలింపిక్స్‌లోనూ 100 మీటర్ల ఫ్రీస్టైల్ బంగారం ఆమెదే. వరుసగా మూడుసార్లు ఒకే పోటీ గెలిచిన ఈతగాళ్లు అంతకు ముందు ఎవరూ లేరు. మొత్తం నాలుగు బంగారాలు, నాలుగు వెండి పతకాలు. 1962లో ఆ దూరాన్ని నిమిషం లోపు ఈదిన మొదటి ఆడమనిషి కూడా ఆమే.

వాడికి చెప్పలేక దాటేసింది ఒకటుంది. టోక్యోకి కొన్ని నెలల ముందు ఆమె నడుపుతున్న కారు ప్రమాదానికి గురైంది. పక్కనున్న తల్లి చనిపోయింది. తన మెడకు గాయమైంది. ఆ దుఃఖంతో, ఆ మెడతో మళ్లీ నీళ్లలోకి దిగి, 27 ఏళ్ల వయసులో 59.5 సెకన్లలో గెలిచింది. అది తలచుకుంటే నాకు ఇప్పటికీ గొంతు పట్టేస్తుంది. అంత చేసిన మనిషి మీద, టోక్యోలో మాట వినలేదని ఈత సంఘం పదేళ్ల నిషేధం వేసింది. వద్దన్నా ప్రారంభోత్సవంలో నడవడం వాళ్లు చెప్పిన తప్పుల్లో ఒకటి. తర్వాత నిషేధం ఎత్తేశారు కానీ 1968 ఒలింపిక్స్‌కి సిద్ధమయ్యే సమయం దాటిపోయింది. నా దృష్టిలో అది పెద్ద అన్యాయం. బాల్మెయిన్ వాళ్లు మాత్రం ఆమెను వదులుకోలేదు. 1988లో ఇండిపెండెంట్‌గా నిలబడితే గెలిపించి రాష్ట్ర శాసనసభకు పంపారు.

మనవడు ఇన్‌హేలర్ నా చేతిలో పెట్టి, మెట్టు మెట్టూ దిగాడు. నడుము లోతులో ఆగిపోయాడు. టెన్షన్‌తో నేనూ చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని చివరి మెట్టు దాకా వెళ్లాను. ఊపిరి బిగబట్టి ఒక్క మునక వేశాడు. పైకి లేచి దగ్గాడు, కళ్లు తుడుచుకున్నాడు.

"ఉప్పగా ఉంది అమ్మమ్మా," అని మళ్లీ మునిగాడు.