రొనాల్డో ఏడ్చిన రాత్రి

యూరో 2024 ఫుట్‌బాల్ టోర్నీలో పోర్చుగల్, స్లోవేనియా మ్యాచ్ ఇంకా మనసులోంచి పోవట్లేదు. మనకి రాత్రి 12:30కి స్టార్ట్, ఇంట్లో అందరూ పడుకున్నారని మ్యూట్‌లో పెట్టుకుని చూశా. ఫ్రీకిక్ ముందు రొనాల్డో కాళ్ళు ఎడంగా పెట్టి నిలబడి ఊపిరి పీల్చుకుంటే చిన్నప్పట్నుంచీ నాకు గుండె దడే, కానీ ఆ రాత్రి ఒక్కటీ లోపలికి పోలేదు. ఎక్స్‌ట్రా టైమ్‌లో పెనాల్టీ వచ్చింది, హమ్మయ్య ఇంక గోలే అని లేచి నిలబడ్డా, స్లోవేనియా గోల్‌కీపర్ ఒబ్లాక్ డైవ్ చేసి ఆపేశాడు. బ్రేక్‌లో టీమంతా చుట్టూ ఉండగా ఆయన వెక్కి వెక్కి ఏడుస్తుంటే నాకూ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. పెనాల్టీలతో విజేతని తేల్చే షూటౌట్‌లో మొదటి పెనాల్టీ మళ్ళీ ఆయనే తీసుకుని గోల్ కొట్టి ఫ్యాన్స్ వైపు చేతులు జోడించాడు, మన గోల్‌కీపర్ డియోగో కోస్టా మూడు ఆపి గెలిపించాడు.

గెలిచాం కానీ నాకు నిద్ర పట్టలేదు. ఆయనకి అప్పటికే 39 ఏళ్ళు, పరుగులో ఆ స్పీడ్ లేదు, నాకూ కనిపిస్తోంది కదా. క్వార్టర్స్‌లో ఫ్రాన్స్ మీద ఓడిపోయాం, షూటౌట్‌లు తీసేస్తే టోర్నీ మొత్తంలో ఆయనకి ఒక్క గోల్ కూడా లేదు. మర్నాడు ఆయన నంబర్ 7 ఉన్న నా జెర్సీ ఉతికి, మడతపెట్టి, బీరువాలో పై అరలోనే పెట్టా.