మారిషస్‌లో నేను ఓటు వేశాను

భారత పౌరసత్వం వదులుకోకుండానే మారిషస్ పార్లమెంటు ఎన్నికల్లో ఓటు వేశానంటే మా ఊళ్ళో ఎవరూ ముందు నమ్మలేదు. ఆ హక్కు ఇక్కడి రాజ్యాంగమే ఇచ్చింది. భారత్ లాంటి కామన్వెల్త్ దేశాల పౌరులెవరైనా 18 ఏళ్లు నిండి, ఇక్కడ రెండేళ్లుగా నివాసం ఉంటే ఓటరుగా నమోదు కావచ్చు.

ఏడాది మొదట్లో ఎన్నికల కమిషనర్ కార్యాలయం మనుషులు ఇంటింటికీ తిరుగుతారు. మేముండేది కాత్ర్ బోర్న్‌లో, అంటే 18వ నియోజకవర్గం. పాస్‌పోర్టు, నివాస అనుమతి పత్రం చూపించి ఫారం నింపాను. ముసాయిదా జాబితా పెట్టినప్పుడు వెళ్లి నా పేరు చూసుకున్నాను. ఈ పని మాత్రం ఎవరూ వదలొద్దు. 2019లో పోలింగ్ నాడు జాబితాలో పేరు లేక వెనక్కి తిరిగినవాళ్లు చాలామంది ఉన్నారు.

2024 నవంబరు 10న పోలింగ్. అంతకుముందు వీధులన్నీ జెండాలే. ప్రతిపక్ష లేబర్ పార్టీకి ఎరుపు, అప్పటి పాలక పార్టీ ఎంఎస్‌ఎంకు నారింజ. సందుసందునా పార్టీల 'బాజ్'లు, అంటే కార్యకర్తలు చేరే చిన్న షెడ్లు, రాత్రి పొద్దుపోయేదాకా పాటలు. ఫోన్ సంభాషణల లీకుల గొడవలో దీపావళి మర్నాడే ప్రభుత్వం సోషల్ మీడియాను ఆపించింది. జనం మండిపడేసరికి ఒక్క రోజుకే ఎత్తేశారు.

ఓటు ఎలా వేయాలో పక్కింటి పెద్దాయన చెప్పారు. ఆయన పూర్వీకులు చెరకు తోటల్లో పనికి తెలుగునేల నుంచి వచ్చినవాళ్లు. ఇక్కడ ఈవీఎం లేదు, కాగితమే. ప్రధాన ద్వీపంలో 20 నియోజకవర్గాలు, ఒక్కోదానికి ముగ్గురు సభ్యులు, రోడ్రిగ్స్ ద్వీపానికి ఇద్దరు. మనం సరిగ్గా మూడు గుర్తులు పెట్టాలి. రెండు పెట్టినా, నాలుగు పెట్టినా ఓటు చెల్లదు. మూడూ ఒకే కూటమికి పెడితే 'బ్లాక్' ఓటు. మనిషిని చూసి అటూ ఇటూ పంచితే 'కుపే త్రాంషే'. పెద్దాయన బ్లాక్ అన్నారు. నేను పంచాను. పాఠశాలలో ఆ తెర వెనక నిలబడి, ముగ్గురు వేర్వేరు మనుషుల పనితీరు తూచుకుంటూ వేసిన ఓటు, నా జీవితంలో అంత ఆలోచించి వేసింది మరొకటి లేదు.

ఫలితం 60-0. 1982, 1995 తర్వాత ఇలా జరగడం మూడోసారి. లేబర్ నేత నవీన్ రామ్‌గులాం కూటమి ప్రధాన ద్వీపంలోని సీట్లన్నీ ఊడ్చేసింది. సుమారు 27 శాతం ఓట్లు తెచ్చుకున్న పాత ప్రభుత్వ కూటమికి నేరుగా ఒక్క సీటూ రాలేదు. ఆ సభలో దానికి చోటు దక్కిందంటే 'బెస్ట్ లూజర్' సీట్ల వల్లే. ఓడినవారిలోంచి ఎనిమిది మంది దాకా తీసుకుని వర్గాల సమతూకం చూసే ఏర్పాటు అది, స్వాతంత్ర్యానికి ముందు బాన్‌వెల్ కమిషన్ సూచన నుంచి వచ్చింది.

ఈ ఏర్పాటే నన్ను బాధపెడుతుంది. అభ్యర్థి తాను హిందువో, ముస్లిమో, చైనా సంతతో, ఈ మూడింటిలో చేరని 'సాధారణ జనాభా'నో ప్రకటించాలి. ఉగాదికి ప్రభుత్వ సెలవిచ్చే దేశంలో తెలుగువాళ్లకు అక్కడ వేరే గడి లేదు, హిందూ గడిలోనే. లెక్క ఇప్పటికీ 1972 జనాభా గణన మీదే. అప్పటికి పుట్టనివాళ్లే ఇప్పుడు ఓటర్లలో ఎక్కువ.

పెద్దాయన ఒప్పుకోరు. "తీసేస్తే చిన్న వర్గాలకు భరోసా ఏది?" అంటారు. ఆయన భయం కాదనలేను. 1967 ఎన్నికలప్పటి ఉద్రిక్తతలు చూసిన తరం ఆయనది. కానీ ఓట్ల నిష్పత్తిని బట్టి మరో 30 సీట్లు కలపాలని 2002లోనే ఎన్నికల సంస్కరణలపై వేసిన సాక్స్ కమిషన్ చెప్పింది. అలా చేస్తే మతం అడగకుండానే ఆ 27 శాతానికి న్యాయం జరిగేది. ఇది పార్లమెంటులో తేల్చాల్సిన పని, 60 సీట్లు గెలిచిన కూటమికి సంఖ్యాబలం లేదనే సాకు కూడా లేదు.