వానలో షట్టర్ ముందు

పదోసారి నొక్కాను. రిమోట్‌పై ఎర్ర చుక్క వెలుగుతోంది, కారు షెడ్డు షట్టర్ మాత్రం కదలదు. పైన వాన.

గంటస్తంభం దగ్గర నిన్ననే కొత్త బ్యాటరీ కొన్నాను. 12 వోల్టులది, చిటికెన వేలి కొసంత ఉంటుంది. అయినా పగలు పనిచేస్తుంది, రాత్రయితే మొరాయిస్తుంది.

"లోపల లైటు ఆర్పి చూడనా?" అంది అమ్మ.

ఆర్పింది. ఒక్క నొక్కుకే షట్టర్ గరగరమంటూ లేచింది!

మోటారు పక్కన పోయిన వారమే బిగించిన ఎల్‌ఈడీ బల్బు అది. కొన్ని చవక బల్బుల్లోని సర్క్యూట్ రేడియో రొద పుట్టిస్తుంది. రిమోట్ పంపే బలహీనమైన సంకేతం అందులో మునిగిపోతుంది. ఇంత చదివిన నాకు తట్టనే లేదు.

తువ్వాలు అందిస్తూ అమ్మ అంది, "ఆ బల్బు పెట్టిన రాత్రి నుంచే కదరా ఈ అవస్థ."