జ్వరం తగ్గిన రాత్రి

పోయిన అక్టోబరులో నాకు డెంగీ వచ్చింది. ఇప్పుడు బాగానే ఉన్నాను, అల్‌హందులిల్లాహ్. మెట్లెక్కితే ఆయాసం రావడం లేదు, కుప్పలుగా ఊడిన జుట్టు కూడా మళ్లీ మొలుస్తోంది. ఇన్నాళ్లూ ఆ మాట తలుచుకుంటేనే గుండెదడ వచ్చేది, అందుకే రాయలేదు. కొందరి రుణం ఈ జన్మలో తీర్చలేను. ఒకరిద్దరి మీద కోపం ఇంకా చల్లారలేదు.

మాది ఒంగోలు. ఇంట్లోనే బట్టలు కుడతాను. పండగ గిరాకీ రోజుల్లో జ్వరం పట్టుకుంది. కళ్ల వెనక పోటు, కీళ్లన్నీ విరిచేస్తున్నట్టు నొప్పులు. వీధి చివర ఉండే ఆర్‌ఎంపీ నాడి కూడా చూడకుండా నొప్పుల ఇంజెక్షన్ పొడిచాడు. మర్నాడూ అదే. రక్తపరీక్ష మాటే ఎత్తలేదు. డైక్లోఫెనాక్ లాంటి నొప్పుల మందులు డెంగీలో రక్తస్రావానికి దారితీస్తాయని, జ్వరానికి పారాసిటమాల్ తప్ప వేరేది వేసుకోకూడదని తర్వాత ఆసుపత్రిలో చెబితేగానీ మాకు తెలియలేదు.

నాలుగైదు రోజులకి జ్వరం దిగింది. ఇంట్లో అందరూ ఊపిరి పీల్చుకున్నారు. మా అత్తగారు గంజి కాచి పెట్టారు. ఆ సాయంత్రమే కడుపులో మెలిపెట్టే నొప్పి, ఆగకుండా వాంతులు. పుక్కిలిస్తే చిగుళ్ల నుంచి నెత్తురు. చేతులు, పాదాలు మంచులా చల్లబడ్డాయి. ఆటోలో ఆసుపత్రికి, అక్కణ్నుంచి ఐసీయూకి. లక్షన్నర తగ్గకుండా ఉండాల్సిన ప్లేట్‌లెట్లు 18 వేలకి పడిపోయాయి. "జ్వరం తగ్గాక వచ్చే ఒకటి రెండు రోజులే అసలు గండం అమ్మా. రక్తనాళాల్లోంచి నీరు బయటికి కారిపోతుంది. ప్లేట్‌లెట్లొక్కటే కాదు, బీపీ, రక్తం ఎంత చిక్కబడిందో చెప్పే పీసీవీ గంట గంటకీ చూసుకోవాలి" అన్నారు డాక్టరుగారు. అన్నట్టే ఆ రాత్రంతా ఆవిడ ఇంటికి వెళ్లలేదు. అల్లాహ్ ఆవిడని, ఆవిడ పిల్లల్ని చల్లగా చూడాలి.

ఆ రాత్రి నాకు నిద్రంటే భయమేసింది. రెప్ప వాలుతుంటే ఉలిక్కిపడి కళ్లు తెరిచేదాన్ని. పడుకుంటే మళ్లీ లేవనేమో! పిల్ల పదో తరగతి, దాని గతేంటి? పక్క బెడ్డు దగ్గర మిషన్ కూతపెడుతుంటే అది నాకోసమే అనిపించేది. అప్పుడు నోట్లోకి దానంతటదే వచ్చింది, రోజూ దీపం ఆర్పాక చదివే దుఆ: "అల్లాహుమ్మ బిస్మిక అమూతు వ అహ్‌యా." ఓ అల్లాహ్, నీ పేరుతోనే మరణిస్తాను, నీ పేరుతోనే బ్రతుకుతాను. చిన్నప్పుడు వాకిట్లో చాప మీద పడుకోబెట్టి మా నాయనమ్మ నేర్పింది. ఎండిపోయిన నాలుకతో ఒక్కో మాట కూడదీసుకుని అన్నాను. భయం వెంటనే పోయిందని చెప్పను. కానీ ఒక ఆలోచన మనసులో నిలబడింది. ప్రతి రాత్రీ ఆయనకి అప్పగిస్తున్న ప్రాణమే కదా ఇది, ఈ రాత్రి కొత్తగా అప్పగించేదేముంది?

ఎడమ చేతికి సెలైన్. కుడిచేతి వేళ్ల కణుపుల మీద బొటనవేలితో లెక్కపెడుతూ తస్బీహ్, అంటే అల్లాహ్ నామస్మరణ, మొదలుపెట్టాను. సుబ్‌హానల్లాహ్ 33, అల్‌హందులిల్లాహ్ 33, అల్లాహు అక్బర్ 34. తిరగలి విసిరి విసిరి చేతులు కాయలు కాచిన ఫాతిమా (రజి) పనిమనిషి కావాలని అడిగితే, అంతకన్నా మేలైనదంటూ ఆవిడ తండ్రి ముహమ్మద్ ప్రవక్త (సఅసం) నేర్పించిన తస్బీహ్ అది. రోజంతా మిషన్ తొక్కి పడుకునేటప్పుడు నాకు ఆవిడే గుర్తొచ్చేది. ఆ రాత్రి ఎన్నిసార్లు తిరిగానో, ఎక్కడ నిద్ర పట్టిందో తెలియదు.

"అక్కా, ఆజాన్ వినిపిస్తోంది. లేపమన్నారుగా." మెడలో సిలువ గొలుసున్న నర్సమ్మాయి నా భుజం తట్టింది. కళ్లు తెరిచి, మరణం తర్వాత బ్రతికించిన అల్లాహ్‌కే స్తోత్రాలు అనే ఉదయపు దుఆ పైకే చదివాను. నీళ్లు తగలనివ్వొద్దన్నారు కాబట్టి, తయమ్ముమ్ కోసం, అంటే నమాజుకి ముందు నీళ్లకి బదులు మట్టితో శుద్ధి చేసుకోవడానికి, మా ఆయన కడిగి ఆరబెట్టిన మట్టి పెంకు కవర్లో చుట్టి పంపారు. "దుమ్ము రాలకుండా చూసుకోండక్కా" అంటూ ఆ అమ్మాయే దాన్ని నా చేతికి అందేలా పట్టుకుంది. పడుకునే, తల సైగలతో ఫజర్, అంటే తెల్లవారుజాము నమాజు, చదివాను. నిలబడీ, కూర్చునీ, పక్కల మీద పడుకునీ అల్లాహ్‌ను స్మరించేవారి గురించి ఖురాన్‌లోని ఆలి ఇమ్రాన్ సూరాలో ఉంది. ఆ మూడో రకంలో నన్నూ లెక్కేసుకున్నాడని నమ్ముతున్నాను.

వార్డుకి మార్చాక చుట్టాలు వచ్చారు. వరసకి ఆడబిడ్డ అయ్యే ఒకావిడ మంచం కాళ్ల దగ్గర నిలబడి, "అల్లాహ్ ఊరికే ఇంత శిక్ష వెయ్యడు వదినా. ఏం తప్పు చేశావో గుర్తు చేసుకుని తౌబా చెయ్యి, క్షమాపణ వేడుకో" అంది. నా కూతురు అక్కడే ఉంది. ఆ రాత్రి నా పక్కన చేరి, "అమ్మా, నువ్వేం తప్పు చేశావు?" అని అడిగింది. డెంగీ పెట్టని ఏడుపు ఆ మాట పెట్టింది. అయ్యూబ్ (అలై) ప్రవక్త అయ్యుండీ ఏళ్ల తరబడి జబ్బుతో బాధపడలేదా? ఆయనది ఏ తప్పు? మన ప్రవక్త రోగిని చూడ్డానికి వెళితే "ఫర్వాలేదు, ఇన్షా అల్లాహ్ ఇది నిన్ను శుభ్రపరుస్తుంది" అనేవారు. ముల్లు గుచ్చుకున్నా దానికి బదులు పాపాలు రాలిపోతాయని చెప్పారు. పరామర్శకి వెళ్లేవాళ్లు ఆ ఒక్క మాట నేర్చుకుని వెళ్లండి. రాకపోతే నోరు మూసుకుని పళ్లు పెట్టి వచ్చెయ్యండి.

నడవగలిగాక ఆర్‌ఎంపీ దగ్గరికి వెళ్లాను. జరిగింది చెబితే ఆయన పైకి చూపించి, "మన చేతుల్లో ఏముందమ్మా, అంతా పైవాడి దయ" అన్నాడు. ఒళ్లు మండిపోయింది. పరీక్ష రాయడం ఆయన చేతుల్లోనే ఉంది. సూది ఆయన చేతుల్లోనే ఉంది. వైద్యం చేయించుకోండి అని ప్రవక్తే చెప్పారు, ఒంటెను కట్టేసి ఆపైన అల్లాహ్ మీద భారం వెయ్యమన్నారు. నేను బట్ట కత్తిరించే ముందు బిస్మిల్లాహ్ (అల్లాహ్ పేరుతో) అంటాను, అంటే అల్లాహ్ చూస్తున్నాడు కాబట్టి కొలత సరిచూసుకుంటాను. ఎదుటివాళ్ల ప్రాణం మీదికి తెచ్చి అల్లాహ్ పేరు అడ్డం పెట్టుకోవద్దని ముఖం మీదే చెప్పాను.

మా వీధిలో ఇప్పుడు ఎవరికి జ్వరం వచ్చినా నేనే ముందు వెళుతున్నాను. బిస్మిల్లాహ్ అనుకుని రక్తపరీక్ష చేయించండి, జ్వరం తగ్గాక కడుపునొప్పి, వాంతులు, నెత్తురు కనబడితే తెల్లారేదాకా ఆగొద్దు అని చెప్పి వస్తున్నాను.