తాళం ఎవరి దగ్గర ఉంది?

మొన్నటి రిహార్సల్‌లో మూడో పాట నడుస్తుండగా, ఒకచోట నా వేళ్లు ఆగినా పాట ఆగదేమో అనిపించింది. వాయిస్తూనే ఉన్నాను, కానీ ఆ నాలుగైదు ఆవర్తాల పాటు తీగ మీటుతున్నది నేనేనన్న ధ్యాస లేదు. కాలితో కొట్టే పెద్ద డ్రమ్, కిక్ డ్రమ్, పడే చోట నా స్వరం అప్పటికే ఉంది. డ్రమ్మర్ నన్ను అనుసరిస్తున్నాడో, నేను అతన్ని అనుసరిస్తున్నానో తెలియలేదు. ఆరేళ్లుగా ఈ బ్యాండులో బేస్ గిటార్ వాయిస్తున్నాను. ఇలాంటి క్షణాలు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. అవి ఇంత తక్కువగా ఎందుకు వచ్చాయో ఈ మధ్యే అర్థమైంది, అందుకే రాస్తున్నాను.

పాట వినేవాళ్లలో చాలామంది బేస్ గిటార్‌ను విడిగా గుర్తుపట్టరు. దాని నాలుగు తీగల్లో అన్నిటికన్నా లావైనది సెకనుకు దాదాపు 41 సార్లు కంపిస్తుంది. చెవికన్నా ముందు ఛాతీకి తెలిసే శబ్దం అది. నా స్వరం కీబోర్డుతో కలవాలి, ఆ స్వరం మొదలయ్యే క్షణం కిక్ డ్రమ్‌తో కలవాలి. ఎక్కడ ఆపుతానన్నదీ అంతే ముఖ్యం. కర్రతో కొట్టే చిన్న డ్రమ్ స్నేర్ మీద దెబ్బ పడేముందు తీగను వేలితో నొక్కి మౌనంగా ఉంచితే ఆ దెబ్బ మరింత నిండుగా వినిపిస్తుంది. మొదటి రెండేళ్లూ నేను స్వరాలు నేర్చుకున్నాను. ఆపడం ఆ తర్వాతే పట్టుబడింది.

మా రిహార్సళ్లన్నీ ఫోనులో రికార్డు చేస్తాం. ఒకసారి నిమిషానికి 96 దెబ్బల వేగంతో మొదలుపెట్టిన పాట చివరికి 103కు చేరింది. దెబ్బకూ దెబ్బకూ మధ్య 625 మిల్లీసెకన్లు ఉండాల్సిన వ్యవధి 583కు తగ్గింది. రెప్పపాటు కూడా కాని తేడా అది. అయినా గాయనికి ఊపిరి తీసుకునే చోటు లేకుండా పోయింది. అందరం డ్రమ్మర్ వైపు చూశాం. పాట పరుగెత్తితే తప్పు డ్రమ్మర్‌దేననుకోవడం అలవాటు. అతను వాదించలేదు. రికార్డింగును మళ్లీ మొదటి నుంచి పెట్టి, "పల్లవి తిరిగి వచ్చే చోట వినండి" అన్నాడు. అక్కడ గిటార్ కొద్దిగా ముందుకు తోస్తోంది, నేను దాని వెంట పోతున్నాను, మమ్మల్ని వదిలి ఒంటరిగా వెనక ఉండలేక చివరికి అతనూ వచ్చేస్తున్నాడు.

"అక్కా, నేనొక్కణ్నే పట్టుకుంటే వేగం నిలవదు. అందరి లోపలా నడవాలి."

ఆ మరుసటి వారం నుంచి ఒక సాధన మొదలుపెట్టాం. సమాన వ్యవధిలో టిక్కుమంటూ వేగం చూపే మెట్రోనోమ్‌ను నిమిషానికి 48 దగ్గర పెట్టి, అది కొట్టేవాటిని రెండో దెబ్బగా, నాలుగో దెబ్బగా అనుకుని వాయించడం. ఒకటో దెబ్బా మూడో దెబ్బా ఎవరూ ఇవ్వరు, ఎవరికి వారే లోపల మోయాలి. మొదటి రోజు రెండు నిమిషాలు కూడా నిలవలేకపోయాం. నెలన్నర తర్వాత మెట్రోనోమ్‌ను మధ్యలో ఆపేసి, కాసేపయ్యాక మళ్లీ పెట్టి చూసుకుంటే దాదాపు అక్కడే ఉన్నాం.

వేదిక మీద ఇది ఇంకా కష్టం. ధ్వని సెకనుకు సుమారు 343 మీటర్లు పోతుంది. డ్రమ్మర్‌కు ఏడు మీటర్ల దూరంలో ఉంటే అతని దెబ్బ నన్ను చేరేసరికి 20 మిల్లీసెకన్లు గడిచిపోతాయి. అందుకే ఎంత పెద్ద వేదికైనా నేను డ్రమ్మర్ కాలితో మూసి తెరిచే జంట తాళాలు, హై-హాట్, పక్కనే, అతని కాలు లేవడం కనిపించేంత దగ్గరగా నిలబడతాను.

రిహార్సల్ గది తాళంచెవి మొదటి రోజు నుంచీ నా దగ్గరే ఉండేది. ఎవరూ అప్పగించలేదు, నేనూ అడగలేదు. ఆ రోజు అందరికన్నా ముందు వచ్చాను, అంతే. తెలుగులో తాళం వేయడమంటే రెండు పనులు. ఆరేళ్లూ ఆ రెండూ చేస్తూ వచ్చాను. తాళంచెవి వెంట మిగతావన్నీ ఒక్కొక్కటిగా వచ్చి చేరాయి. ఐదుగురికీ కుదిరే సాయంత్రం వెతకాలి. "ఆదివారం కుదురుతుందా?" అని సందేశం పెడితే ఇద్దరు ఆ రాత్రే చెబుతారు, ఒకరు "చూద్దాం" అంటారు, మరొకరు చదివి ఊరుకుంటారు. ఆ "చూద్దాం" అన్న మాటను నమ్ముకుని గది మాట్లాడాలి. కార్యక్రమం ఒప్పుకుంటే ఎవరు ఎక్కడ నిలబడతారో, ఎన్ని మైకులు కావాలో, ప్లగ్గులు ఎవరి దగ్గర ఉండాలో పటం గీసి నిర్వాహకులకు పంపాలి. గిటార్ పెడళ్లకు తొమ్మిది వోల్టుల బ్యాటరీలు, అదనపు తీగలు, పొడవాటి ఎక్స్‌టెన్షన్ బోర్డులు, కేబుళ్లు కాళ్లకు తగలకుండా నేలకు అంటించే టేపు, ఐదు కాగితాల మీద పెద్ద అక్షరాల్లో పాటల వరుస. గాయనికి గొంతు బాగాలేక ఒక పాట శ్రుతి దించితే ఆ సంగతి అందరికీ చేరిందో లేదో చూసుకోవాలి. ఇక డ్రమ్మర్ కూర్చునే స్టూలు. దాన్ని ఎవరూ గుర్తుంచుకోరు.

మా వాళ్లు బాధ్యత లేనివాళ్లు కారు. అడిగేలోపే నేను చేసేస్తుంటే ముందుకొచ్చే అవసరం వాళ్లకు కలగలేదు. అది తెలిసీ కోపం వచ్చేది. వాళ్లు వాయిద్యంతో గదిలోకి అడుగుపెడితే నేను వాయిద్యంతో పాటు ఒక జాబితాతో అడుగుపెట్టేదాన్ని. ఆ కోపం ఎవరికీ చెప్పుకోలేదు. నేను వాయించే దాంట్లోకే పోయిందని గత సంవత్సరం ఒక కార్యక్రమంలో తెలిసింది.

మేం వాయించేది మాకే వినిపించేలా వేదిక మీద పెట్టే మానిటర్ స్పీకర్లలో ఒకటి, ఆ రోజు ఇస్తామన్నది, రాలేదు. ఒక కేబుల్ పనిచేయలేదు. 40 నిమిషాలు ఉండాల్సిన సౌండ్ చెక్ పది నిమిషాల్లో ముగిసింది. డ్రమ్మర్ కర్రలు కొట్టి లెక్క మొదలుపెట్టే క్షణం దాకా నేను ఫోనులోనే ఉన్నాను. పాటలన్నీ తప్పుల్లేకుండా వాయించాం, చప్పట్లు కూడా బాగానే పడ్డాయి. సామాను సర్దుతుంటే డ్రమ్మర్ మెల్లగా అన్నాడు: "అక్కా, ఇవాళ నువ్వు నాకన్నా ముందున్నావు. అన్ని పాటల్లోనూ."

రాత్రి రికార్డింగు విన్నాను. నిజమే. మెట్రోనోమ్‌తో పాటు వేలితో తట్టమంటే మనుషులు సాధారణంగా దాని శబ్దం కన్నా కొన్ని పదుల మిల్లీసెకన్లు ముందే తడతారని పరిశోధకులు ఎప్పుడో గమనించారు. ఆ తొందరను అదుపు చేసుకోవడమే నా ఇన్నేళ్ల సాధన. ఆ రాత్రి ప్రతి స్వరంలోనూ అది తిరిగొచ్చింది. రాని స్పీకరు కోసం వెతుకుతున్న మనిషి వాయిస్తున్నట్టుంది.

1665లో డచ్ శాస్త్రవేత్త క్రిస్టియాన్ హైగెన్స్ జబ్బుపడి గదిలో ఉన్నప్పుడు, పక్కపక్కన వేలాడుతున్న తన రెండు లోలక గడియారాలను గమనించాడు. లోలకాలను ఎలా కదిలించి వదిలినా అరగంటలో అవి ఒకే లయలోకి వచ్చేవి, ఒకటి ఇటు వస్తే మరొకటి అటు. కారణం ఆ రెండిటినీ మోస్తున్న దూలం. అది కంటికి కనిపించనంత స్వల్పంగా కదులుతూ ఒకదాని ఊపును మరొకదానికి అందిస్తోంది. మా బ్యాండుకు ఆ దూలాన్ని నేనేనని చాలాకాలం లోలోపల గర్వపడ్డాను. అయితే దూలానికి తనదంటూ లయ లేదు. నాకు వాయించాలని ఉంది. తర్వాతి రిహార్సల్‌లో నలుగురి ముందు ఆ మాటే అన్నాను, గొంతు వణుకుతుండగా.

గాయని తేదీలు తీసుకుంది. కీబోర్డు వాయించే అబ్బాయి వేదిక పటం, పాటల వరుస. మా అందరికన్నా పెద్దవాడైన గిటార్ అన్నయ్య కేబుళ్లు, బ్యాటరీలు. డ్రమ్మర్ తన స్టూలు తానే తెచ్చుకుంటానన్నాడు. తాళంచెవి వారానికొకరి దగ్గర. మాటల్లో పది నిమిషాలు పట్టింది, అలవాటు కావడానికి నెలలు పట్టింది. మొదట్లో నేను పాత జాబితా రహస్యంగా రాసుకునేదాన్ని. గది ఖాళీ లేని రోజుకు రిహార్సల్ పెట్టుకుని ఒక ఆదివారం పోగొట్టుకున్నాం. ఒక కార్యక్రమానికి కీబోర్డు స్టాండు రాలేదు, బల్ల మీద పెట్టి వాయించాం. స్టాండు సంగతి నాకు ముందే అనుమానం వచ్చింది, అడగకుండా నోరు కట్టుకున్నాను. ఆరేళ్లలో నేను చేసిన ఏ ఏర్పాటుకన్నా అదే కష్టమైంది. ఆ అబ్బాయి మళ్లీ ఎప్పుడూ స్టాండు మరవలేదు. ఖర్చుల లెక్కలు మాత్రం ఇంకా నా దగ్గరే ఉన్నాయి, ఆ పని నాకు ఇష్టం.

మొన్న రిహార్సల్ అయ్యాక గిటార్ భుజాన వేసుకుని మెట్ల దాకా వచ్చి, అలవాటుగా జేబులో చెయ్యి పెట్టాను. ఏమీ లేదు. ఈ వారం ఎవరి వంతో కూడా గుర్తుకు రాలేదు.

"తాళం?" అని వెనక్కి కేకేశాను.

"మా దగ్గరే ఉంది, మీరు వెళ్లండి" అని లోపలి నుంచి ఎవరో అన్నారు. ఇంకెవరో అప్పటికీ స్నేర్ అంచు మీద వేళ్లతో ఆ మూడో పాట లయనే తడుతున్నారు.